రెండో సూదికి ముందు

తిరగలి వైద్యశాల దినచర్య. రాస్తున్నది డాక్టర్ పైడితల్లి.

సోమవారం

దాలినాయుడు ఈ రోజు తన కాళ్ల మీద తాను నడిచి వచ్చాడు. పోయిన వారం ఇతన్ని నలుగురు మోసుకొచ్చారు. క్యాంటీన్లో వంట చేసే మనిషి. నిద్ర పట్టక పట్టక, గోడల్లోంచి ఎవరో తనని పేరు పెట్టి తిడుతున్నారని అట్లకాడ పట్టుకుని కనబడినవాళ్లందరి మీదకీ వెళ్లాడు. నేను మాట్లాడి చూశాను, దీపాలు తగ్గించి చూశాను, మాత్ర చేతిలో పెట్టి బతిమాలాను. మాత్రని నా మొహాన ఉమ్మాడు. అప్పుడు వేశాను నిమ్మళం సూది.

ఇవాళ కుర్చీలో కూర్చోకుండానే, తనకు పడింది ఒక్కటేనా అని అడిగాడు. ఒక్కటేనయ్యా అన్నాను. అయినా నమ్మకం కుదరక బంగార్రాజుని కూడా అడిగాడు. బంగార్రాజు మా నర్సు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, నా కేకలు తినడంలో ఆరితేరినవాడు.

దాలినాయుడి భయంలో అర్థం ఉంది. గోడకి అవతల గాలి లేని ఊరు మాది. రోజంతా గిర్రున తిరుగుతుంది కాబట్టి కాళ్లు నేల మీద ఆనుతున్నాయి, అందుకే దీనికి తిరగలి అని పేరు. వెర్రెత్తిన మనిషి బయటి తలుపు చక్రం తిప్పాడంటే ఆ వీధి వీధంతా పోతుంది. అందుకని మొదట్లో వచ్చినవాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. నిమ్మళం సూది ఒకసారి పడితే జబ్బు, ఎవరికైనా రావచ్చు. అదే విడతలో రెండోది వెయ్యాల్సి వస్తే మాత్రం ఆ మనిషి ఊరు వదిలి, తర్వాత వచ్చే రోదసి పడవ ఎక్కాలి. "ఒక సూది జబ్బుకి, రెండో సూది పడవకి" అని పిల్లలు కూడా పాడుకుంటారు.

సూది పడిన సాయంత్రం దాలినాయుడి మెడ ఒక పక్కకి లాగేసింది. ఈ మందుతో కొందరికి అలా జరుగుతుంది. దానికి విరుగుడు ఉంది, మేము మెడ మందు అంటాం. ఇస్తే సర్దుకుంది. కానీ మర్నాడంతా నోరు ఎండిపోయి, కళ్లు మసకలేసి నన్ను తెగ తిట్టాడు. అటుకులు పొడిగా నమిలినట్టు ఉందన్నాడు. వంటవాడు కదా, అతని తిట్లలో కూడా తిండి ఉంటుంది.

ఆ రోజు బంగార్రాజు, నిమ్మళంతో పాటు నిద్ర సూది కూడా ఒక్కసారే వేసేస్తే తొందరగా పడుకుంటాడు కదా అన్నాడు. పడుకుంటాడు, లేవడు అన్నాను. ఆ రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. సూది వేసిన మనిషిని బోర్లా పడుకోబెట్టకూడదు, వదిలేసి వెళ్లకూడదు, పక్కన కూర్చుని ఊపిరి చూస్తూ ఉండాలి. ఇవన్నీ బంగార్రాజుకి తెలుసు. తెలిసినా అడుగుతాడు, నేను అరిస్తే అతనికి అదో తృప్తి.

సాయంత్రం సన్యాసమ్మ మామ్మ వచ్చింది. మా పక్క వీధి. మనవరాలు మంగవేణి పెళ్లి బుధవారం, నన్ను పిలవడానికి వచ్చి గంటసేపు ఏడ్చింది, పెళ్లికి కాదు, కాటుకకి. తిరగలిలో నిప్పు వెలిగించడం నేరం. నిప్పు లేకపోతే మసి లేదు, మసి లేకపోతే కాటుక లేదు. పెళ్లికొడుక్కి బుగ్గన దిష్టి చుక్క లేకుండా పీటల మీద ఎలా కూర్చోబెడతామని ఆవిడ బాధ. నా దగ్గర నల్లటిది ఏమైనా ఉందా అని అడిగింది. నా మొహం ఉంది, పనికొస్తే తీసుకెళ్లు అన్నాను. నవ్వలేదు.

మంగళవారం

నిలకడ నుంచి పడవ వచ్చింది. నిలకడ చంద్రుడి మీది ఊరు, అది తిరగదు. అక్కడివాళ్లు ఇక్కడ దిగగానే గోడలు పట్టుకుని వాంతులు చేసుకుంటారు. అందుకని దిగిన ప్రతివాళ్లకీ చెవి వెనక ఒక చెవిచుక్క అంటిస్తాం. నల్లగా, మినపగింజంత ఉండే మందు బిళ్ల, జిగురుతో అంటుకుంటుంది. మందు చర్మంలోంచి మెల్లగా లోపలికి దిగి కళ్లు తిరగకుండా చూస్తుంది. పోయిన నెల తిరగలి వేగం సరిచేసినప్పుడు ఊరందరం తలా ఒకటి అంటించుకున్నాం.

పెళ్లికొడుకు ఓదెలుకి నేనే అంటించాను. నేతపనివాడు, నిలకడలో పెద్ద మగ్గం మీద గుడారం బట్ట నేసేవాడట, పెళ్లయ్యాక ఇక్కడే ఉండిపోతాడట. మనిషి అందగాడు, ఒప్పుకోవాలి. నేను గుండె గీత తీస్తుంటే, ఈ గీతలో మంగవేణి పేరు కనబడుతోందా అని అడిగాడు. కనబడుతోంది కానీ అక్షర దోషం ఉందన్నాను. వాళ్లమ్మ కనకవ్వ పక్కన నిలబడి ప్రతి పరికరానికీ ఇది ఎందుకు అని అడిగింది. నాలాంటి మనిషే. నాకు నచ్చింది.

బుధవారం

పెళ్లి జరిగింది. హోమగుండంలో ఎర్ర కరెంటు దీపం పెట్టి దాని చుట్టూ తిప్పారు. పప్పు బాగుంది, పులుసు దాలినాయుడు పెట్టాడు, అదీ బాగుంది.

పీటల మీద ఓదెలు బుగ్గన గుండ్రటి నల్ల చుక్క చూశాను. మామ్మ సాధించింది అనుకున్నాను. నిప్పు లేకుండా మసి ఎక్కడిదని అడగడానికి నోటిదాకా వచ్చింది. పెళ్లిలో పోలీసు ప్రశ్నలెందుకులే అని మింగేశాను. నేను ప్రశ్న మింగడం చాలా అరుదు.

గురువారం

పొద్దున్నే ఓదెలుని తీసుకొచ్చారు. రాత్రి బాగానే ఉన్నాడట, నోరు ఎండుతోందని నీళ్లు మాత్రం అడుగుతూనే ఉన్నాడట. తెల్లారేసరికి మనిషి మనిషి కాదు. గాల్లో వేళ్లు ఆడిస్తూ కనబడని దారాలు లాగుతున్నాడు. మగ్గం మీద ఉన్నాననుకుంటున్నాడు, పని మీద బెంగ అని కనకవ్వ ఏడ్చింది. మంగవేణిని చూసి ఎవరని అడిగాడు. ఆ పిల్ల పసుపు తాడు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

మధ్య మధ్యలో ఒకే మాట అరుస్తున్నాడు. "మందు వెట్టిన్రు. నాకు మందు వెట్టిన్రు."

ఆ మాట విన్నాక ఇంక కనకవ్వని ఆపడం నా వల్ల కాలేదు. కొడుకుని కొంగుకి కట్టేసుకోవడానికి ఆడపిల్లవాళ్లు తిండిలో ఏదో కలిపి పెట్టారని ఆవిడ తేల్చేసింది. నిలకడలో పసరు పోసి మందు కక్కించే మనిషి ఉన్నాడట, వెంటనే తీసుకుపోతానంది. మామ్మ మీద వేలు చూపించి, ముసల్దే పెట్టిందంది. మామ్మ తాను వండలేదు, వడ్డించలేదు, ఏ తల్లి మీద ఒట్టు వెయ్యమన్నా వేస్తానంది.

వాళ్లని బయటికి పంపి నా పని నేను మొదలుపెట్టాను. వెర్రెత్తిన మనిషిని చూడగానే సూది వైపు చెయ్యి పోకూడదు, ముందు ఎందుకు అని అడగాలి. ఆ గదిలో గాలి సరిగా ఉందా? ఉంది. ఒంట్లో చక్కెర పడిపోయిందా? లేదు. తలకి దెబ్బ? లేదు. కల్లుగిల్లు? మా ఊళ్లో దొరకదు, దొరికితే ముందు బంగార్రాజుకే తెలిసేది. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది, గుండె కొంచెం పరుగు మీద ఉంది, గీత బాగుంది. చెవిచుక్క ఎక్కువైతే ఒక్కోసారి మతి తప్పిస్తుంది కాబట్టి చెవి వెనక చూశాను. ఒకటే ఉంది, నేను అంటించినదే. అయినా పీకేశాను. ఒక్క చుక్కకి కుర్రాడు ఇంతలా అయిపోవడం నేను చూడలేదు.

మాటలతో చాలాసేపు ప్రయత్నించాను. ఒక్కడినే కూర్చోబెట్టి, ఒక్క గొంతుతో, చిన్న మాటలతో. రెండు నిమిషాలు వింటాడు, మళ్లీ దారాలు. మాత్ర ఇస్తే అది పురుగు అన్నాడు. ఉన్నట్టుండి లేచి బంగార్రాజుని తోసేసి వసారా చివరికి పరిగెత్తాడు. అక్కడ బయటి తలుపు ఉంది. చక్రం మీద చెయ్యి వేశాడు.

నలుగురం పట్టుకున్నాం. ఇంక ఆగే వీలు లేదు. మందు పేరు, మోతాదు నేను పైకి చదివితే బంగార్రాజు తిరిగి చదివాడు. ఓదెలుకి వినబడుతుందో లేదో తెలియదు కానీ చెప్పాను, నేను డాక్టర్ని, నీ తొడకి సూది వేస్తున్నాను, నిన్ను కొట్టడానికి కాదు, కాసేపు నిమ్మళంగా ఉండటానికి అని. చెప్పకుండా సూది వెయ్యడం నా చేతికి అలవాటు లేదు. వేశాక పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి చేతులు ఆగాయి. మంగవేణి లోపలికి వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. ఒకటే కదా అంది. ఒకటే అన్నాను.

శుక్రవారం

ఓదెలు లేచాడు, నిన్నటికంటే ఘోరంగా. ఒళ్లు పెనంలా కాలుతోంది. మళ్లీ దారాలు, మళ్లీ అదే అరుపు. రెండు చేతులూ మెత్తటి పట్టీలతో మంచానికి కట్టాల్సి వచ్చింది.

మా ఊరి అధ్యక్షుడు తవిటినాయుడు వచ్చాడు. మంచివాడే, కానీ ఊరంతా తన నెత్తి మీద ఉందనుకుంటాడు. రెండో సూది వేసి, రేపు మధ్యాహ్నం పడవలో పంపేద్దామన్నాడు. మనిషి తలుపు చక్రం దాకా వెళ్లాడు, ఇంక దేనికి ఆగాలని అడిగాడు. కనకవ్వ కూడా పంపించెయ్యమనే అంది. ఆవిడకి కావలసింది ఆ పసరు మనిషి. మంగవేణి ఒక్కతే వద్దంది. అలా పడవలో పంపేసినవాళ్లకి తిరగలిలోకి మళ్లీ రాక లేదు. పెళ్లయి రెండు రోజులు కాలేదు.

చేతిలో సూది లేకుండా మంచం పక్కన నిలబడ్డాను. నాకు ఏదో కుదరడం లేదు.

నిమ్మళం మందు వల్ల వచ్చే చెడ్డ జ్వరం ఒకటుంది. అరుదు, కానీ చంపుతుంది. అది వస్తే మనిషి చెక్కలా బిగుసుకుపోతాడు, చెమటలు కారుతాయి. ఓదెలు మోచెయ్యి వంచి చూశాను, తేలిగ్గా వంగింది. చంకలో వేలు పెట్టి చూశాను, అప్పడంలా పొడిగా ఉంది. ఇంత జ్వరంలో చెమట చుక్క లేదు. కంటిపాపలు ఇంతింత అయ్యాయి. గుండె గీత మళ్లీ తీశాను, నిన్నటికంటే కాస్త సాగింది. ఈ స్థితిలో రెండో సూది వేస్తే ఆ గుండె తాళం తప్పవచ్చు. పడవ దాకా మనిషి మిగలకపోవచ్చు. అదే తవిటినాయుడితో అన్నాను. మరి ఏం చేస్తావు అన్నాడు. తెలియదు అన్నాను. తెలియదు అంటే అధ్యక్షులకి నచ్చదు.

బంగార్రాజు వచ్చి, నిన్నటి నుంచి ఇతను ఒంటికి పోలేదు, పొట్ట కింద బిగిసి ఉందని చెప్పాడు. నాలిక కూడా మాటకి తిరగడం లేదు, ముందు జాగ్రత్తగా మెడ మందు ఇచ్చేద్దామా అన్నాడు.

వద్దు, నాలిక బిగుసుకోలేదు, ఎండిపోయింది, దానికి మెడ మందు ఇస్తే ఇంకా ఎండుతుంది అని కసిరాను. కసిరి, ఆగిపోయాను. నోరు ఎండింది. కళ్లు విచ్చుకున్నాయి. మెడ మందు పడిన మర్నాడు దాలినాయుడు తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఇక్కడ పడుకున్నవాడు అచ్చం మెడ మందు ఎక్కువైపోయిన మనిషిలా ఉన్నాడు. కానీ మేము ఇతనికి చుక్క కూడా ఇవ్వలేదు. ఆ జాతి మందే చెవిచుక్కలోనూ ఉంటుంది. అది నిన్న పొద్దున్నే పీకేశాను. పీకేశాక తగ్గాలి కానీ పెరగడమేమిటి? అంటే ఎక్కడి నుంచో ఇంకా దిగుతోంది.

అప్పుడే ఓదెలు మళ్లీ అరిచాడు, మందు వెట్టిన్రు అని.

రెండు రోజులుగా అందరం ఆ మాట వింటున్నాం. విన్న ప్రతివాళ్లూ అడిగింది ఒకటే, ఎవరు పెట్టారని. కనకవ్వ అడిగింది, అధ్యక్షుడు అడిగాడు, మంగవేణి ఏడుస్తూ అడిగింది. మందు పెట్టడం అంటే మా అందరికీ ఒకటే అర్థం, తిండిలో కలపడం. పుండు మీద పెట్టేదీ మందే కదా, దాన్నీ పెట్టడం అనే అంటాం. నేను వంగి అతని మొహానికి దగ్గరగా వెళ్లాను.

"ఓదెలూ, మందు ఎక్కడ పెట్టారు?"

అతను ఒక్క క్షణం నన్ను చూశాడు. వేళ్లు ఆగాయి.

"కాళ్లల్ల," అన్నాడు. "మెడ కాడ. గుంజుతున్నయ్."

మేజోళ్లు లాగాను. కొత్త పెళ్లికొడుకు మేజోళ్లు, మూడు రోజులు విప్పకూడదని ఏదో మొక్కట. నిన్న నలుగురం పట్టుకుని సూది వేసినప్పుడు కూడా వాటిని ఎవరూ కదపలేదు, నాతో సహా. రెండు అరికాళ్లలోనూ ఒక్కో నల్లటి చుక్క. తిప్పి పడుకోబెట్టి మెడ మీద జుట్టు పైకెత్తాను. అక్కడ మూడు, వరసగా. చొక్కా వెనక కత్తిరించాను. వీపు మధ్యలో ఇంకో రెండు.

కాటుక కాదు. చెవిచుక్కలు.

మామ్మని పిలిపించాను. ఒక పళ్లెంలో ఏడూ పరిచి చూపించాను. ఆవిడ మొహంలో దొంగతనం ఏమీ లేదు. నల్లగా గుండ్రంగా బుగ్గకి అంటుకునేది ఇంకేం దొరుకుతుంది ఈ ఊళ్లో అంది. పోయిన నెల ఇంట్లోవాళ్లందరూ వాడి పారేసినవి ఏరి దాచిందట. బుగ్గన ఒకటి పెట్టి, పీటల మీంచి లేచాక తీసేసింది. అందరి కళ్లూ పడే పెళ్లి కదా అని, ముస్తాబు చేసేటప్పుడే కనబడనిచోట మిగతావి అంటించిందట.

"సుక్కెట్టినాను గానీ మందెట్టలేదే పైడితల్లీ," అంది. "అవి వాడేసినవే కదా. సత్తువ అయిపోయుంటాది కదా."

వాడేసిన చుక్కలో సగం పైగా మందు మిగిలే ఉంటుందని చెప్పాను. అరికాలి తోలు మందం, అక్కడివి పెద్దగా ఎక్కలేదు. మెడ మీదివీ వీపు మీదివే రెండు రోజులుగా లోపలికి దిగుతున్నాయి. దాని మీద నా నిమ్మళం సూది కూడా ఆ ఎండిపోవడాన్నే కొంచెం పెంచింది. మామ్మ నేల మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకుంది. ఓదెలుకి దిష్టి తగలకూడదనుకున్నాను, నేనే తగిలాను అని గొణిగింది. కేకలెయ్యాలనుకుని తీసిన నోరు మూసుకున్నాను.

తవిటినాయుడు అంతా విన్నాడు. కారణం ఏదైనా మనిషి ఇంకా వెర్రిలోనే ఉన్నాడు, తలుపు ఇంకా అక్కడే ఉంది అన్నాడు. అదీ నిజమే. రేపు పడవ కదిలేలోగా ఓదెలు తానెక్కడున్నాడో చెప్పగలిగితే ఉంటాడు, లేకపోతే సూదితో గానీ సూది లేకుండా గానీ వెళ్తాడు అని తేల్చాడు. రెండో సూది నేను వెయ్యను, వేరే ఎవరైనా వేస్తే నన్నూ అదే పడవ ఎక్కించండి అన్నాను. మాట తూలానేమో తెలియదు. వెనక్కి తీసుకోలేదు.

మిగిలిన పగలంతా చిన్న పనులు. చుక్కలున్న చోట్లు సబ్బుతో కడిగాం. గొట్టం వేసి ఉచ్చ తీశాం. దాంతోనే సగం గోల తగ్గింది, పాపం ఆ బాధ చెప్పుకోలేక ఎంత అరిచాడో. తడిగుడ్డలు మార్చాం. గుండె గీత తీస్తూనే ఉన్నాం. గదిలో ఒక్కరే ఉండాలి, ఒక్క గొంతే వినబడాలి అన్నాను. ఆ గొంతు మంగవేణిది. ఏం మాట్లాడాలి డాక్టరమ్మా అని అడిగింది, ఇద్దరికీ పరిచయమే పది రోజులు, అదీ తెర మీద. ఏదైనా చెప్పు, మీ వీధి సంగతులు చెప్పు అన్నాను. పంపుల దగ్గర ఎవరు ఎవరితో తగువు పడ్డారో మొదలుపెట్టింది.

శనివారం

పొద్దున జ్వరం దిగింది. చంకలో తడి తగిలింది. చెమట చూసి ఇంత సంతోషించిన డాక్టరు ఇంకొకరు ఉండరు.

దారాలు మాత్రం ఆగలేదు. కాసేపు మగ్గం, కాసేపు నిద్ర. గుండె గీత మామూలైంది. పట్టీలు విప్పేశాం. పడవకి సామాను ఎక్కుతోందని కబురు వచ్చింది. కనకవ్వ మూట కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. పళ్లెంలో చుక్కలు చూసిన దగ్గర్నుంచీ ఆవిడ నోరు లేవలేదు. పసరు మాట కూడా ఎత్తలేదు.

తవిటినాయుడు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నేను అవతలి వైపు నిలబడ్డాను. భయం వేసింది, దాచుకోవడం ఎందుకు. కారణం కనిపెట్టడం ఒకటి, ఒంట్లోంచి మందు దిగిపోవడం ఇంకొకటి. మొదటిది నా చేతిలో పని, రెండోది కాదు.

నువ్వు ఎక్కడున్నావయ్యా అని అడిగాడు అధ్యక్షుడు.

ఓదెలు చాలాసేపు పైకప్పు చూశాడు. గోడలు చూశాడు. వేళ్లు రెండు సార్లు కదిలి ఆగాయి. "ఇది తిరుగుతున్నది," అన్నాడు. వెర్రివాడు కూడా ఆ మాట అంటాడు.

తర్వాత తల తిప్పి మంగవేణిని చూశాడు. "పంపు కాడ నీళ్ల కోసం కొట్లాడిన ఆమె," అన్నాడు మెల్లగా, "కడకు బిందె ఇచ్చిందా, లేదా?"

మంగవేణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇచ్చింది, కానీ సొట్ట పెట్టి ఇచ్చింది అంది.

తవిటినాయుడు లేచి బట్టలు దులుపుకున్నాడు. పడవ వాళ్లతో ఒక్క టికెట్టే చాలని చెప్పి వెళ్లిపోయాడు. గుమ్మం దాటుతూ బంగార్రాజు భుజం తట్టాడు. నాది తట్టొచ్చు కదా.

కనకవ్వ వెళ్లే ముందు సన్యాసమ్మ మామ్మ ఎదురుగా ఆగింది. మామ్మ గోడ పక్కన ఒదిగి నిలబడి ఉంది, తిట్లకి సిద్ధంగా. నేను మధ్యలోకి వెళ్లబోయాను.

"అవ్వా," అంది కనకవ్వ, "నా కొడుకు గంత అందగాడా, గన్ని సుక్కలు వెట్టినవ్?"

మామ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కనకవ్వ ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కి, వెనక్కి తిరిగి చూడకుండా పడవ వైపు నడిచింది.

సోమవారం

ఓదెలు మంగవేణితో ఇంటికి వెళ్లాడు. ఆ రెండు రోజుల్లో ఏం గుర్తుందని అడిగితే, ఎవరో తన మెడ మీద చీమల బారు పెట్టారనీ, ఎంత చెప్పినా ఎవరూ వినలేదనీ అన్నాడు. చెప్పాడు కదా మరి. ఊరందరికీ వినబడేలా చెప్పాడు.

నిమ్మళం సూది నిబంధనల్లో ఒక వాక్యం చేర్చాను. రెండో సూదికి ముందు మనిషిని తల నుంచి అరికాలి దాకా విప్పి చూడాలి, మేజోళ్లతో సహా. బంగార్రాజు ఇంకొకటి చేర్చమన్నాడు, రోగి ఏం అంటున్నాడో అడగాలని. అడగడం కాదు, అన్నదాన్ని వెర్రి అని కొట్టెయ్యకుండా వినాలని రాశాను. ఎవరైనా వాడేసిన చెవిచుక్కలు దాచుకుంటే వైద్యశాలకి తెచ్చి ఇవ్వాలని కూడా ఊరంతా చాటించాం. పదిహేను ఇళ్ల నుంచి వచ్చాయి. అంటే మామ్మ ఒక్కతే కాదన్నమాట.

నిప్పు నిషేధానికి ఒక మినహాయింపు అడిగాను. పరికరాలు కరెంటు వేడితో శుభ్రం చేసే గాజుపెట్టె నా దగ్గర ఉంది, పొగ బయటికి రాదు. అందులో ఆముదం వత్తి ఒకటి వెలిగించి, పైన స్టీలు పళ్లెం బోర్లించి, ఊరికి సరిపడా కాటుక పట్టిస్తానన్నాను. వైద్య అవసరమా అని అడిగాడు తవిటినాయుడు. అవసరమే అన్నాను. అతను చాలా తీవ్రమైన ఆలోచనలో పడిపోయి, చివరికి సంతకం పెట్టాడు.

మసి పట్టడం చూడటానికి మామ్మ వచ్చింది. గాజు వెనక దీపం వెలిగితే ఇద్దరం పిల్లల్లా ముక్కులు ఆనించి చూశాం. నిజం మంట చూసి నాకు ఇరవై ఏళ్లయింది. అది కింది నుంచి పైకే ఎందుకు సాగుతుంది, ఇక్కడ కూడా, అని అడిగాను. నీకు అన్నీ కావాలి అంది మామ్మ.

వెళ్లే ముందు ఆవిడ ఏం చేసిందో నేను చూడలేదు. మధ్యాహ్నం నిమ్మళం సూదుల డబ్బా తీస్తే మూత మీద గుండ్రంగా, నల్లగా ఒక కాటుక చుక్క ఉంది. వేలి ముద్ర గీతలు కూడా కనబడుతున్నాయి. సూదుల డబ్బా మీద మసి ఉండకూడదు. స్పిరిట్ దూది తీసుకున్నాను.

రెండో సూది కోసం ఆ డబ్బా తెరిచేవాళ్ల కన్ను ముందు ఆ చుక్క మీదే పడుతుంది. ఇదేమిటి, ఇక్కడ ఎవరు పెట్టారు అని అడుగుతారు. అడగనీ. దూది చెత్తబుట్టలో వేశాను.